ముసురు పట్టకముందే రెండో దారి రాసిపెట్టుకోండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాలకి గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. గ్రూప్స్‌కి చదివేవాళ్ళు, షుగరు తగ్గాలని నడిచేవాళ్ళు, పిల్లల ఫీజు కోసం నెలనెలా దాచేవాళ్ళు, చాలామందికి పట్టు తప్పేది ఈ మూడు నెలల్లోనే. ముసురు నాలుగు రోజులే ఉంటుంది. తెరిపిచ్చాక కూడా పుస్తకం తియ్యకపోవడంతో నెల పోతుంది.

అందుకే సెప్టెంబరులోనే "ఇలా జరిగితే ఇలా చేస్తాను" అని కాగితం మీద పెట్టండి. ఎప్పుడు, ఎక్కడ, ఏం చెయ్యాలో ముందే ఖాయం చేసుకుంటే పని జరిగే అవకాశం బాగా పెరుగుతుందని పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో ఒక వ్యాసంలో వివరించారు. ఆ సమయానికి మళ్ళీ ఆలోచించుకోనక్కర్లేదు కదా! "వానొస్తే ఇంట్లో చదువుతా" అంటే చాలదు. "స్టడీ హాలుకి పోలేకపోతే పొద్దున ఆరింటికి వరండాలో కూర్చుని పాత ప్రశ్నపత్రం ఒకటి రాస్తాను" అని ఉండాలి. తుఫానుకి కరెంటు పోతుంది, సిగ్నలూ పోతుంది. కాబట్టి ఆ పని ఫోను లేకుండా జరిగేదై ఉండాలి. ప్రశ్నపత్రాలు ఇప్పుడే ప్రింటు తీయించి, సర్టిఫికెట్లతో పాటు ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద పెట్టండి.

పరీక్ష వేరే ఊళ్ళో ఉంటే ముందురోజే చేరుకోండి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర హైవే తెగింది, రైలు కట్టా కొట్టుకుపోయింది. ఒక్క బస్సునే నమ్ముకోకండి. అక్కడ ఎవరింట్లో దిగాలో, లాడ్జి అయితే ఏదో ఇప్పుడే అనుకోండి.

నడకకి వరండా, మేడమెట్లు చాలు. కానీ మందులు మాత్రం రెండు వారాలకి సరిపడా తెచ్చుకోవాలి.

డబ్బు సంగతి కష్టమైనది. వేటకి వెళ్ళేవాళ్ళకి, ఆటో తోలేవాళ్ళకి, రోజు కూలీలకి వానరోజుల్లో రాబడే ఉండదు. అలాంటి నెల పూర్తిగా మానెయ్యకుండా సగమో, పావో, వంద రూపాయలో వేస్తానని ముందే రాసుకోండి. దానికోసం వడ్డీకి తేవద్దు.

కార్తీకమాసం వనభోజనాలు, మాల వేసుకున్న ఇంటి పనులు కూడా అడ్డమే. వాటినీ రాయండి. అయితే పది అడ్డంకులకి పది ఉపాయాలు రాస్తే ఒక్కటీ గుర్తుండదు. నిరుడు మిమ్మల్ని నిజంగా ఆపిన రెండు మూడు చాలు.

తుఫాను హెచ్చరిక వచ్చి ఇల్లు ఖాళీ చెయ్యమంటే ఈ కాగితం పక్కన పెట్టి షెల్టరుకి వెళ్ళండి. సాయానికి 112, 1070 నంబర్లు గోడ మీద రాసి ఉంచండి.

వాన వెలిసిన మర్నాటి పనికీ ఒక వరుస ఉండాలి: రోజూ చేసేదాంట్లో సగమే. పోయిన రోజులన్నీ ఒక్కసారే పూడ్చాలని కూర్చుంటే రెండో రోజుకే విసుగొస్తుంది. బాకీ పాఠాలు ఆదివారాలకి సర్దుకోండి. ఆ కాగితం ఇంట్లో ఇంకొకరికి చూపించి, తెరిపిచ్చిన రోజు గుర్తుచెయ్యమని అడగండి.