సైనిక స్థావరాల సమాచార వ్యవస్థలు – 3వ పాఠం: సెక్షన్లు విడగొట్టడం, స్థితి అంకె వేయడం

అమెరికా సైనిక స్థావరాల్లో ప్రతి భవనానికీ ఉండే శాశ్వత సంఖ్య ఆర్‌పీయూఐడీ గురించి, ఆ భవనం ఏ పనికి వాడతారో చెప్పే కేటగిరీ కోడ్ గురించి పోయిన పాఠంలో చూశాం. కోడ్ 6తో మొదలైతే కార్యాలయం, 7తో మొదలైతే నివాసం, 8తో మొదలైతే కరెంటు, నీళ్ల ఏర్పాట్లు. ఆ రికార్డు చూస్తే భవనం ఎక్కడుందో, ఎంత పెద్దదో తెలుస్తుంది. ఎలా ఉందో తెలియదు. అది చెప్పే వ్యవస్థ పేరు బిల్డర్. దాన్ని ఇల్లినాయ్ రాష్ట్రం షాంపేన్‌లో ఉన్న ఆర్మీ ఇంజినీర్ల పరిశోధనశాల సర్ల్ తయారుచేసింది. రోడ్లకు, రన్‌వేలకు పేవర్, పైకప్పులకు రూఫర్, రైలు పట్టాలకు రైలర్ కూడా అక్కడివే. మూడు దళాలూ భవనాల స్థితిని బిల్డర్ పద్ధతిలోనే కొలవాలని రక్షణ శాఖ 2013 సెప్టెంబరులో ఆదేశించింది.

మన సికింద్రాబాద్ లాంటి కంటోన్మెంట్లలో సైనిక భవనాల నిర్వహణ ఎంఈఎస్ (మిలిటరీ ఇంజినీర్ సర్వీసెస్) చేతిలో ఉంటుంది. అక్కడ గారిసన్ ఇంజినీర్ కింద పని బి/ఆర్, ఈ/ఎం అని రెండుగా చీలుతుంది: కట్టడాలు, రోడ్లు ఒకరివి, కరెంటు, యంత్రాలు ఇంకొకరివి. బిల్డర్‌లో విభజన దీనికన్నా చాలా సన్నగా ఉంటుంది. భవనం కింద సిస్టమ్, సిస్టమ్ కింద కాంపోనెంట్, కాంపోనెంట్ కింద సెక్షన్. పైమెట్ల పేర్లు భవన భాగాలను వర్గీకరించే యూనిఫార్మాట్ ప్రమాణం నుంచి వస్తాయి. బి30 అంటే పైకప్పు, డి20 అంటే ప్లంబింగ్, డి30 అంటే ఏసీ, హీటింగ్, డి40 అంటే అగ్నిమాపక ఏర్పాట్లు. వీటిని ఎంచుకుంటే చాలు, ఆలోచించాల్సిందేమీ లేదు. ఆలోచన అంతా సెక్షన్ దగ్గరే.

సెక్షన్‌కు సూత్రం ఇది: ఒకే మెటీరియల్, ఒకే రకం, ఒకే వయసు ఉన్నదంతా ఒక సెక్షన్. ఈ మూడింటిలో ఏ ఒక్కటి మారినా ఇంకో సెక్షన్. ఒక బ్యారక్ పైకప్పులో సగం 2005లో, మిగతా సగం 2019లో మార్చారనుకోండి. రెండూ ఒకేలాంటి తెల్లటి షీటే కదా అని ఒకే సెక్షన్‌గా రాసి, మధ్యలో 2012 అని పెట్టేవాళ్లు ఉన్నారు. షీటు ఆయుష్షు ఇరవై ఏళ్లనుకుంటే పాత సగానికి 2025లోనే గడువు తీరుతుంది, వ్యవస్థ మాత్రం 2032 దాకా కదలదు. ఈలోగా నీరు కారుతుంది. 2032లో అది మొత్తం పైకప్పుకు డబ్బు అడుగుతుంది, అందులో సగానికి ఇంకా ఏడేళ్ల ఆయుష్షు మిగిలే ఉంటుంది. ఒక్క వరుస ఆదా చేసినందుకు రెండు వైపులా నష్టం.

అలాగని ప్రతి తలుపుకూ ఒక సెక్షన్ పెట్టకూడదు. ఒకే ఏడాది బిగించిన 64 స్టీలు తలుపులు ఒకే సెక్షన్, పరిమాణం 64. మరీ సన్నగా కోస్తే తనిఖీకి వచ్చినవాళ్లు విసుగెత్తి అన్నింటికీ ఒకే అంకె వేసిపోతారు.

సెక్షన్ రాసేటప్పుడు అమర్చిన సంవత్సరం దగ్గర కాస్త ఆగండి. ఖాళీగా వదిలితే చాలాచోట్ల భవనం కట్టిన సంవత్సరమే అందులోకి వచ్చి కూర్చుంటుంది. 1978 నాటి భవనంలో 2016లో పెట్టిన చిల్లర్ (ఏసీ కోసం నీళ్లు చల్లబరిచే యంత్రం) కూడా 1978దైపోతుంది. చిల్లర్లకు, గాలిని గదుల్లోకి తోసే ఎయిర్ హ్యాండ్లర్లకు నేమ్‌ప్లేట్ చూడండి. చాలా కంపెనీలు తయారైన సంవత్సరాన్ని సీరియల్ నంబరులోనే పెడతాయి. ప్లేటు మీద పెయింటు పడి అక్షరాలు కనిపించకపోతే గీకకండి, టార్చిలైటు పక్క నుంచి వాలుగా వేయండి, చెక్కిన అక్షరాలు తేలతాయి. అదీ కుదరకపోతే డీడీ 1354 ఫారం తీయించండి. నిర్మాణం పూర్తయి భవనాన్ని స్థావరానికి అప్పగించేటప్పుడు రాసే పత్రం అది. ఏదీ దొరక్కపోతే అంచనా రాయండి, కానీ అది అంచనా అని తెలిసేలా రాయండి.

ఇక అంకె. త్వరగా అయ్యే పద్ధతిలో మూడు రంగులు, ఒక్కో రంగులో మూడు మెట్లు. ఆకుపచ్చలో 100, 95, 88. పసుపులో 80, 71, 61. ఎరుపులో 50, 30, 10. పనితనానికి లోటు లేకపోతే ఆకుపచ్చ. పనిచేస్తోంది గానీ పనితనమో నమ్మకమో తగ్గితే పసుపు. బాగా దెబ్బతింటే, లేదా పని ఆగిపోతే ఎరుపు. ముందు రంగు తేల్చుకుని తర్వాత మెట్టు ఎంచుకోండి. తొమ్మిదింటినీ ఒకేసారి చూస్తే చెయ్యి మధ్యలోకే పోతుంది.

ఇక్కడ అందరూ జారే చోటు ఒకటుంది. పాత యంత్రం కనబడగానే, అది చక్కగా నడుస్తున్నా సరే, పసుపు వేసేస్తారు. వయసు లెక్క మీ పని కాదు. అమర్చిన సంవత్సరాన్ని బట్టి వ్యవస్థే క్షీణత గీత గీస్తుంది, మీరు వేసిన అంకెతో ఆ గీతను సరిదిద్దుకుంటుంది. వయసు చూసి మీరు కూడా అంకె తగ్గిస్తే ఒకే కారణానికి రెండుసార్లు కోత పడుతుంది. కంటికి కనిపించింది, చెవికి వినిపించింది, చేతికి తగిలింది మాత్రమే రాయండి.

సెక్షన్ల అంకెలు కలిసి కాంపోనెంట్‌కు, అక్కడి నుంచి సిస్టమ్‌కు, చివరికి భవనానికి ఎక్కుతాయి. తూకం మాత్రం మార్చడానికయ్యే ఖర్చును బట్టి. లెక్క కోసం కొన్ని అంకెలు పెట్టుకుని ఒక డి30 సిస్టమ్ చూద్దాం. చిల్లర్ ఖరీదు 3,00,000 డాలర్లు, అంకె 80. బాయిలర్లు 1,20,000, అంకె 88. డక్టులు, అంటే గాలి గొట్టాలు 4,00,000, అంకె 95. చల్లనీళ్లు తిప్పే పంపు 20,000, అంకె 10, అంటే ఆగిపోయింది. ఒక్కొక్క ఖరీదునూ దాని అంకెతో గుణించి, అన్నీ కూడి, మొత్తం ఖరీదు 8,40,000తో భాగించండి. వచ్చేది 86.6. పంపును జాబితాలోంచి తీసేసి మళ్లీ చేస్తే 88.5. తేడా రెండు పాయింట్లు కూడా లేదు. బ్యారక్‌లో మాత్రం చల్లగాలి అసలు రావడం లేదు.

కాబట్టి ఇలా భవనానికి వచ్చిన చివరి అంకె, అంటే భవనం సూచీ ఒక్కటే చూసి ఏ నివేదికా రాయకండి. దాని పక్కనే 61 కన్నా తక్కువ అంకె ఉన్న సెక్షన్ల జాబితా కూడా తీయండి. ఎరుపు సెక్షన్లన్నీ అందులో పడతాయి. అగ్నిమాపక పంపు, ప్రధాన విద్యుత్ స్విచ్‌గేర్, చల్లనీళ్ల పంపు లాంటివి ధరకు చిన్నవే, ఆగితే భవనమే ఆగుతుంది. సగటులో కనబడకుండా పోయేవి కూడా ఇవే.

తర్వాతి మెట్టు ఎఫ్‌సీఐ, అంటే మరమ్మతుల ఖర్చును బట్టి కట్టే భవన స్థితి సూచీ. ఒకటి లోంచి, వాయిదాపడ్డ మరమ్మతుల ఖర్చును భవనం పునర్నిర్మాణ విలువతో భాగించి వచ్చినది తీసేసి, 100తో గుణించాలి. 90, ఆపైన మంచిది. 80 నుంచి 89 పరవాలేదు. 60 నుంచి 79 బాగాలేదు. 60 లోపు విఫలం. పునర్నిర్మాణ విలువకు విస్తీర్ణం, చదరపు అడుగు ధర, ఆ ప్రాంతపు గుణకం, ప్రణాళిక–డిజైన్ గుణకం, పర్యవేక్షణ గుణకం, అనుకోని ఖర్చుల గుణకం వరసగా గుణిస్తారు. చారిత్రక భవనాలకు ఇంకో గుణకం చేరుతుంది. ఈ అంకెలన్నీ రక్షణ శాఖ ధరల గైడ్ యూఎఫ్‌సీ 3-701-01లో ఉంటాయి. ధరలు సవరిస్తుంటారు కాబట్టి పాత ప్రతి వాడకండి.

40,000 చదరపు అడుగుల బ్యారక్, అడుగుకు 300 డాలర్లు, ప్రాంతపు గుణకం 0.95, మిగతావి 1.09, 1.057, 1.05 అనుకుంటే విలువ దాదాపు 1.379 కోట్ల డాలర్లు. వాయిదాపడ్డ పని 15 లక్షల డాలర్లయితే ఎఫ్‌సీఐ 89.1, పరవాలేదు వర్గం.

ఇప్పుడు విస్తీర్ణం లెక్కలో ఒక పొరపాటు పెట్టి చూద్దాం. ఈ బ్యారక్‌లో గోడల లోపల 34,000 చదరపు అడుగులు, పైకప్పు ఉండి పక్కన గోడ లేని వరండాలు 12,000. అలాంటి వరండాలు స్థూల విస్తీర్ణంలోకి సగమే వస్తాయి, అంటే 6,000. అలా మొత్తం 40,000 అయింది. వరండాలను పూర్తిగా కలిపేస్తే 46,000 అవుతుంది, విలువ 1.586 కోట్లకు పెరుగుతుంది, ఎఫ్‌సీఐ 90.5కు చేరుతుంది. భవనంలో ఒక్క మేకు కూడా మారలేదు, వర్గం మాత్రం మంచిదైపోయింది. మరమ్మతు నిధుల వరసలో అది వెనక్కి పోతుంది.

ఇక పని ఆర్డర్ల సంగతి. అవి బిల్డర్‌లో ఉండవు. వాటికి వేరే సాఫ్ట్‌వేర్లున్నాయి: నేవీ వాటిని మాక్సిమోలో, ఆర్మీ ఎస్‌ఏపీ మీద కట్టిన జీఫెబ్స్‌లో, ఎయిర్‌ఫోర్స్ ట్రిరిగా మీద కట్టిన నెక్స్‌జెన్‌లో నడుపుతాయి. పంపు మార్చేసి ఆర్డర్ మూసేస్తారు. బిల్డర్‌లో ఆ సెక్షన్ ఇంకా 10 దగ్గరే ఉండిపోతే, కొత్త పంపు మార్చడానికి మళ్లీ నిధులు అడుగుతుంది. దీనికి మందు ఒక్కటే: ఆర్డర్ తెరిచేటప్పుడే ఆర్‌పీయూఐడీ, సెక్షన్ పేరు అందులో రాయించండి. యంత్రం మొత్తం మారితే అమర్చిన సంవత్సరం మార్చండి. ఒక భాగం బాగుచేస్తే సంవత్సరాన్ని ముట్టుకోకుండా కొత్త తనిఖీ అంకె మాత్రం వేయండి. చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు: పంపుకు బేరింగు మార్చి సంవత్సరం కూడా మార్చేస్తారు, దాంతో పాతికేళ్ల పంపు కాగితం మీద కొత్తదైపోతుంది.

అభ్యాసం: మీరుండే అపార్ట్‌మెంటునో, మీ కాలేజీ బ్లాకునో తీసుకోండి. పైకప్పు, లిఫ్టు, మోటారు పంపు, జనరేటరు, మెట్ల రెయిలింగు, ఈ ఐదింటికీ సెక్షన్లు రాయండి. మెటీరియల్, పరిమాణం, సంవత్సరం, రంగు, మెట్టు అన్నీ ఉండాలి. మార్చడానికయ్యే ఖర్చు అడిగి తెలుసుకుని భవనం సూచీ కట్టండి. తర్వాత మోటారు పంపుకు 10 వేసి మళ్లీ కట్టి, రెండు సూచీల తేడా రాసి పెట్టుకోండి. 4వ పాఠంలో ఆ తేడాతోనే మొదలుపెట్టి, ఏ సెక్షన్‌ను ఎన్నేళ్లకోసారి తనిఖీ చేయాలో తేల్చే పట్టిక తయారుచేద్దాం.