పదమూడేళ్ల పిల్లల చేత బరువులు ఎత్తించే ముందు

వేసవి శిక్షణ శిబిరంలో పిల్లల దేహదారుఢ్యం చూసుకునే కోచ్, తొలి వారం ఇనుప బరువుల జోలికి పోకుండా, కొలత టేపునూ నోటుపుస్తకాన్నీ దగ్గర పెట్టుకోవడం మేలు. శిబిరం ముగిశాక కూడా 3 నెలలకొకసారి ఎత్తు కొలిచి రాసుకుంటే, ఎవరు ఒక్కసారిగా పొడుగు సాగుతున్నారో తెలుస్తుంది. ఆ దశలో నిన్నటిదాకా చక్కగా పరుగెత్తిన పిల్లవాడు తడబడవచ్చు, మోకాలి చిప్పకు కాస్త కింద నొప్పి అనవచ్చు. దాన్ని బద్ధకమని కొట్టిపారేయకుండా, గెంతే వ్యాయామాలు తగ్గించి, అప్పటికీ తగ్గకపోతే వైద్యుడికి చూపించాలి.

తేలికైన కర్రను భుజాలపై అడ్డంగా పెట్టి గుంజీలు తీయించండి. మడమలు నేల విడుస్తున్నాయా అన్నది పక్కనుంచి, మోకాళ్లు లోపలికి వాలుతున్నాయా అన్నది ఎదుటినుంచి కనిపిస్తుంది. వరుసగా 8 సార్లు తప్పు లేకుండా చేసినవారికే కొద్దిపాటి బరువు ఇవ్వాలి; అలసటతో భంగిమ చెడగానే ఆపించాలి. బడిలో గుంజీలంటే శిక్షే కాబట్టి, ఆలస్యంగా వచ్చినవారికి అదే విధిస్తే పిల్లలకు ఆ వ్యాయామం మీదే విరక్తి పుడుతుంది.

బరువులెత్తితే పొడుగు పెరగరేమోనని తల్లిదండ్రులు తప్పకుండా అడుగుతారు. సరైన పర్యవేక్షణలో చేసే వ్యాయామం ఎదుగుదలను ఆపదని ఓపికగా చెప్పి, వీలైతే ఒక ఉదయం వారిని పక్కనే కూర్చోబెట్టి చూపించండి.

వారానికి 2 లేదా 3 రోజులు, నడుమ ఒక రోజు విరామంతో సరిపోతుంది. మే నెల ఎండల్లో తెల్లవారుజామునే మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ముగించాలి. ఖాళీ కడుపుతో వచ్చినవారికి ముందు ఒక అరటిపండు పెట్టండి.