ఆధారాలు చూపడం, నాలుగో పాఠం: రావి ఎవరి ఇంటిపేరు?

పోయిన పాఠంలో నేను రాసిన ఒకే ఒక్క వాక్యం కొంప ముంచింది. వ్యాసం చివర ఇచ్చే ఆధారాల పట్టిక గురించి "పట్టికలో ముందు ఇంటిపేరు, తర్వాత కామా, తర్వాత పొడి అక్షరాలు" అని రాసేసి, ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) వాళ్ల ఆధారాలు చూపే పద్ధతి అంటే ఇంతే కదా అని ముందుకు వెళ్లిపోయాను. ఈ రెండు వారాల్లో నా దగ్గరకు వచ్చిన అభ్యాసాలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. శ్రీశ్రీ "శ్రీ, ఎస్." అయిపోయాడు. రావిశాస్త్రి కొందరి చేతిలో "శాస్త్రి, ఆర్." అయ్యాడు, ఇంకొకరి చేతిలో "రావి, ఎస్." అయ్యాడు. రాచకొండ విశ్వనాథశాస్త్రిలోంచి రా, వి తీసి కలిపితే వచ్చింది రావి. ఆయన బతికిన విశాఖలోనే కూర్చుని మనం ఆయన ఇంటిపేరు మార్చేశాం.

తప్పు నాదే. ఇంటిపేరు చివర పెట్టుకునేవాళ్ల కోసం పుట్టిన సూత్రాన్ని, మొదట పెట్టుకునే మనకు విడమరచకుండా అప్పగించాను. మళ్లీ మొదలుపెడదాం.

కలం పేరుకు కామా ఉండదు, పొడి అక్షరాలు ఉండవు. శ్రీశ్రీ అంటే శ్రీశ్రీ, ఆరుద్ర అంటే ఆరుద్ర. శ్రీరంగం శ్రీనివాసరావు, భాగవతుల శంకరశాస్త్రి అని విప్పి రాస్తే మీకు తెలిసిన సంగతి బయటపడుతుందే తప్ప, మీ పట్టిక పట్టుకుని బీరువాల్లో వెతికేవాడికి పుస్తకం దొరకదు.

తెలుగులో రాసే వ్యాసమైతే పేరు ఎలా పలుకుతామో అలాగే: గురజాడ అప్పారావు. ఇంటిపేరు ముందే ఉంది, కామా ఎందుకు? కొన్నిచోట్ల "అప్పారావు, గురజాడ" అని రాయమంటారు. మీ గైడుగారు అలా అడిగితే అలాగే రాయండి, వాదన పెట్టుకోకండి. నాకు మాత్రం ఆ కామా కంట్లో నలుసులా ఉంటుంది.

ఇంగ్లిషు వ్యాసంలో "గురజాడ, ఏ." అవుతుంది. పరిశోధన వ్యాసాలు వెతికే గూగుల్ స్కాలర్‌లో "సైట్" (Cite, అంటే ఉటంకింపు) బటన్ నొక్కి, వచ్చింది అతికించేవాళ్లు జాగ్రత్త. చాలా సందర్భాల్లో మిషను చివరి మాటను ఇంటిపేరనుకుంటుంది. అలా వచ్చిన "రావు"లు ఒక్క పట్టికలోనే ఆరుగురున్నారు, ఆరుగురిలో ఎవరికీ ఇంటిపేరు రావు కాదు. మరి పుస్తకం మీద "జి. వి. అప్పారావు" అని మాత్రమే ఉంటే? ఆ జి ఏ ఇంటిపేరో ఊహించకండి. "అప్పారావు, జి. వి." అని రాయండి, చాలు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టినప్పుడు మొదటి వైస్ ఛాన్సలర్‌గా ఉన్నాయన తెలుగు పుస్తకం మీద కట్టమంచి రామలింగారెడ్డి, ఇంగ్లిషు పుస్తకం మీద సి. ఆర్. రెడ్డి. మనిషి ఒక్కడే, పట్టికలో రెండు రూపాలూ సరైనవే, ఎందుకంటే మీ చేతిలో ఉన్న పుస్తకం ఆయన్ను ఎలా పిలిచిందో మీరూ అలాగే పిలుస్తారు.

చుక్కలు ఎక్కడ, ఇటాలిక్స్ ఎక్కడ అన్నది నేను చెప్పను. ఏపీఏ ఏడో ఎడిషన్‌లో ఉంది, చూసి రాసుకోవచ్చు. ఏ సంగతికి ఆధారం అక్కర్లేదు అని అడిగారు కొందరు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిందని రాయడానికి ఎవరి సాక్ష్యం అక్కర్లేదు, ఊరంతా సాక్షే. గాలి వేగం గంటకు ఇన్ని కిలోమీటర్లు అని అంకె వేశారా, అది ఎవరు కొలిచారో చెప్పి తీరాలి.

ఇప్పుడు నాకు నిజంగా ఒళ్లు మండే విషయానికి వస్తాను. చూడని పుస్తకాన్ని చూసినట్టు రాయడం.

ఒకమ్మాయి వ్యాసంలో కన్యాశుల్కం సంభాషణ ఒకటి ఎత్తి, పక్కన "గురజాడ, 1892" అని రాసింది. "ఎక్కడ చూశావమ్మా?" అని అడిగాను. సంచిలోంచి పుస్తకం తీసింది, కొత్త ముద్రణ, అట్ట మీద పుస్తకాల షాపు స్టిక్కర్ ఇంకా అంటుకునే ఉంది. 1892 ఆ నాటకం మొదట ఆడిన ఏడు. మొదటి అచ్చు 1897. రెండో కూర్పు 1909, దాన్ని గురజాడ ఎంత తిరగరాశారంటే దాదాపు వేరే నాటకం. మన చేతుల్లో తిరిగేది సాధారణంగా ఆ రెండోదే. అంటే ఆ అమ్మాయి 1909 నాటి మాటలు ఎత్తి, 1892లో అన్నారని చెప్పింది. గురజాడ పదిహేడేళ్లలో ఎలా మారారన్నదే వ్యాసం విషయమైతే, అక్కడికక్కడే వ్యాసం కూలిపోతుంది! చేతిలో ఉన్న ప్రతి 2010లో అచ్చయిందనుకోండి, "గురజాడ, 1909/2010" అని రెండేళ్లూ గీత పెట్టి రాయాలి, పేజీ నంబరు మాత్రం 2010 ప్రతిదే వేయాలి.

ఇదే జబ్బుకు ఇంకో రూపం ఉంది. ఒక కొత్త విమర్శ పుస్తకంలో పాత విమర్శకుడి మాటలు కనిపిస్తాయి. కింద పాదసూచికలో పాత పుస్తకం పేరు, పేజీ కూడా ఉంటాయి. మనవాడు ఆ పాదసూచికను ఉన్నదున్నట్టు తన పట్టికలోకి దించేస్తాడు. ఆ పుస్తకం ఏ రంగులో ఉంటుందో కూడా తెలియదు. కొత్తాయన పేజీ తప్పు వేస్తే ఇద్దరిదీ ఒకే తప్పు అవుతుంది. అలా దొరికిపోయినవాళ్లను చూశాను, ఒకే అచ్చుతప్పు మూడు వ్యాసాల్లో! పాత పుస్తకం దొరక్కపోతే సిగ్గేమీ లేదు: పాతాయన పేరు, ఏడు రాసి "ఫలానా పుస్తకంలో ఉటంకింపు" అని కొత్తాయన పేరు, ఏడు, పేజీ చేర్చండి. పట్టికలో కొత్తాయన ఒక్కడే ఉంటాడు. దొరికే అవకాశం ఉంటే మాత్రం వెళ్లి చూడండి, బద్ధకం వద్దు.

కాపీ కొట్టడం మీద యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018లో పెట్టిన నిబంధనల్లో, వేరేవాళ్ల రాతతో పది శాతం దాకా పోలికకు శిక్ష లేదు కదా అని ఒకరు వాదించారు. ఆ పోలిక పట్టే సాఫ్ట్‌వేర్ మాటలు లెక్కపెడుతుందే గానీ, మీరు ఏ పుస్తకం చూశారో దానికేం తెలుసు?

నా దగ్గర ఒక అలవాటు ఉంది, కావాలంటే తీసుకోండి. ఎంఫిల్ చేసేటప్పుడు ఒక అధ్యాయం జిరాక్స్ తీయించి మురిసిపోయాను. ఆరు నెలల తర్వాత చూస్తే నలభై కాగితాల్లో ఎక్కడా పుస్తకం పేరు లేదు. మూడు రోజులు బీరువాలు గాలించి, చివరికి ఆ ఉటంకింపునే కొట్టేశాను. అప్పటి నుంచి ఏ పుస్తకం ముట్టుకున్నా ముందు టైటిల్ పేజీ, దాని వెనక పేజీ ఫోను‌తో ఫోటో తీస్తాను, తర్వాతే చదువుతాను.

అభ్యాసం, ఈసారి కొంచెం కష్టమే. మీ పాత వ్యాసం నుంచి ఐదు ఆధారాలు తీసుకోండి. యూనివర్సిటీ వాళ్లు వి. ఎస్. కృష్ణా లైబ్రరీకి, మిగతావాళ్లు ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్లి ఆ ఐదు పుస్తకాలూ తెరవండి. ఉటంకించిన ప్రతి వాక్యాన్నీ అక్షరం అక్షరం పోల్చండి, పేజీ నంబరు చూడండి, టైటిల్ పేజీ రెండు వైపులా ఫోటో తీయండి. వ్యాసంలో ఉండి అక్కడ దొరకని పుస్తకం పక్కన పెన్సిల్‌తో "నేను చూడలేదు" అని రాసి, ఆ పేజీతో సహా నాకు పంపండి.