టర్కీ పుంజు తప్పించుకుపోయిందా? గురిలో తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

షాట్‌గన్‌తో అడవి టర్కీని కొట్టడం తేలికే అనుకుంటారు మొదటిసారి వెళ్లేవాళ్లు. రెండు ఔన్సుల ఐదో నంబరు సైజు సీసపు షెల్‌లో, అంటే తూటాలో, 340 పెల్లెట్ల (చిన్న గుండ్ల) దాకా ఉంటాయి. ఎదురుగా చూస్తే తొమ్మిది కిలోల పుంజు. ఎటు కొట్టినా తగలకపోతుందా అని ధీమా. నిజమే, తగులుతుంది. కానీ చావదు. దెబ్బతిని పొదల్లో దూరి రెండు రోజులకు చస్తుంది. వేటకెళ్లేవాడికి అంతకంటే సిగ్గుచేటు లేదు.

ఇది అమెరికా సంగతి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట దాదాపు పూర్తిగా నిషిద్ధం. నేను వెళ్లేది టెక్సాస్‌లో, రియో గ్రాండే రకం టర్కీలకు. డాలస్, హ్యూస్టన్ వైపు ఈ మధ్య మనవాళ్లు చాలామంది అడుగుతున్నారు కాబట్టి ముందు ఒక మాట. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉండటం దానికున్న మినహాయింపుల్లో ఒకటి. స్నేహితుడి తుపాకీయే కదా అని చేతిలోకి తీసుకునే ముందు లైసెన్సు జేబులో ఉందో లేదో చూసుకోండి. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా తప్పనిసరి.

ఇక అసలు విషయం.

సమస్య: ఈకలు గుప్పున లేచాయి, పక్షి మాత్రం పరుగెత్తిపోయింది

కారణం ఒకటే. ఒంటి మీద కొట్టారు.

జింకను కొట్టే అలవాటున్నవాళ్లు చేసే పొరపాటు ఇది. చూపు తెలియకుండానే రొమ్ము మీదికి పోతుంది, ఎందుకంటే కనిపించేదంతా అదే. కానీ ఆ రొమ్ము మీద ఒకదాని మీద ఒకటి పెంకుల్లా పేర్చినట్టు గట్టి ఈకలుంటాయి. వాటి కింద అంగుళాల మందాన కండ. పక్క నుంచి కొడితే మడిచిన రెక్క ఎముకలు అడ్డం. షాట్‌గన్ పెల్లెట్ రైఫిల్ బుల్లెట్ కాదు. అది ఇవన్నీ దాటుకుని గుండె దాకా పోతుందన్న నమ్మకం లేదు.

పుంజును ఉన్నచోటే పడగొట్టేవి రెండే. ఒకటి ఉసిరికాయంత కూడా లేని మెదడు. రెండోది మెడలోంచి దిగే వెన్నెముక. అందుకే గురి తలకూ కాదు, ఒంటికీ కాదు. మెడ కింది భాగంలో ఈకలు ఆగిపోయి, బోడిగా ఎర్రటి కండబుడిపెలు మొదలయ్యే చోటు ఒకటుంటుంది. బీడ్, అంటే గొట్టం చివర గురి కోసం ఉండే చిన్న పూస, అక్కడ పెట్టాలి. అప్పుడు పెల్లెట్ల గుంపు పైసగం తలను, పుర్రెను, కిందిసగం మెడ ఎముకను కప్పుతుంది. సరిగ్గా తలకే గురిపెడితే గుంపులో సగం తలపై నుంచి గాల్లోకి పోతుంది. పొరపాటున ఒక అంగుళం ఎత్తితే ఇక ఆ మిగతా సగం కూడా పోయినట్టే.

సమస్య: చక్కగా గురిపెట్టాను, 25 గజాలే, ఒక్క ఈక కూడా రాలలేదు

నా మొదటి పుంజు ఇలాగే పోయింది. అది ఎగరలేదు కూడా. ఒకసారి మెడ సాచి చుట్టూ చూసి, ఎవరో పిలిస్తే వెళ్తున్నట్టు నింపాదిగా నడుచుకుంటూ మెస్కీట్ పొదల వెనక్కి పోయింది. తుపాకీలోనే ఏదో లోపం ఉందని రెండు వారాలు దాన్ని తిట్టుకున్నాను. లోపం నా చెంపలో ఉంది.

షాట్‌గన్‌కు వెనక సైట్ ఉండదు. మీ కన్నే వెనక సైట్. చెంప స్టాక్‌ను (తుపాకీ వెనక భుజానికి ఆనే భాగాన్ని) గట్టిగా అదుముకుని ఉన్నంతసేపు కన్ను సరైన ఎత్తులో ఉంటుంది. ఎదురుగా పుంజు నిలబడగానే ఆత్రం కొద్దీ తల కాస్త ఎత్తి చూస్తాం, అలా చూస్తూనే ట్రిగ్గర్ నొక్కేస్తాం. కన్ను పైకి లేచిందంటే గొట్టం మూతి కూడా పైకి లేచినట్టే. మొత్తం గుంపు తలమీదుగా పోతుంది.

గుర్తు పట్టడం ఎలా అంటే, గురిపెట్టినప్పుడు బీడ్ కింద గొట్టం మీది పట్టీ పొడుగ్గా రోడ్డులా కనిపిస్తుంటే చెంప లేచినట్టు. రెండు బీడ్‌లున్న తుపాకీ అయితే ముందుది వెనకదాని మీద కూర్చుని ఇంగ్లిష్ ఎనిమిది అంకెలా కనిపించాలి. రెండింటి మధ్య ఖాళీ ఉంటే ట్రిగ్గర్ జోలికి పోవద్దు.

సగం తప్పు కూర్చోవడంలోనే జరుగుతుంది. కుడిచేతివాళ్లు ఎడమ భుజం పక్షి వస్తుందనుకునే వైపు ఉండేలా కూర్చుని, తుపాకీని ఎడమ మోకాలి మీద ఆనించాలి. ఎదురుగా తిన్నగా కూర్చుంటే పుంజు కుడివైపు నుంచి వచ్చినప్పుడు నడుం తిప్పలేక మెడ వంకర పెట్టి కాలుస్తాం. ఆ వంకరలో చెంప స్టాక్ మీద నిలవదు.

ఇంకొకటి, వెనక్కి తన్నుడు. టర్కీ షెల్ భుజాన్ని గాడిద తన్నినట్టు తంతుంది. బల్ల మీద పెట్టి అయిదు కాల్చాక ఆరోదానికి ముందే కన్ను మూసుకుపోతుంది. సాధన అంతా తేలికపాటి టార్గెట్ షెల్స్‌తో చేసుకోండి. అసలువి లెక్క చూసుకోవడానికి మూడు నాలుగు చాలు.

సమస్య: పురి విప్పి నాట్యం చేస్తున్నప్పుడు కొట్టాను, తప్పిపోయింది

నెమలిలాగే ఇదీ పురి విప్పుతుంది. అప్పుడు తల వెనక్కి లాక్కుని, మెడ మడతపెట్టి, ఉబ్బిన ఈకల్లో సగం దాచేసుకుంటుంది. పెల్లెట్లకు దొరికే చోటు అరచేతి కంటే తక్కువ. చూడ్డానికి మాత్రం బండెడంత పక్షి. ఆ సంబరంలో మనం నొక్కేస్తాం.

ఆగాలి. పుంజు మరీ ఉద్రేకంలో ఉంటే అయిదు నిమిషాలైనా ఆగాలి. పెట్టలా ఒక్కసారి పొట్టిగా "టుక్" అని కూయండి. నూటికి తొంభైసార్లు పురి ముడిచి, పెట్ట ఎక్కడుందా అని మెడ నిటారుగా ఎత్తుతుంది. మన కోడిపుంజు చప్పుడు వినగానే మెడ సాచి బిగుసుకుని నిలబడటం చూసే ఉంటారు, అచ్చం అలాగే. ఆ ఒకటి రెండు సెకన్లే మీవి.

నడుస్తున్నప్పుడు కూడా వద్దు. ప్రతి అడుగుకూ తల ముందుకీ వెనక్కీ ఊగుతుంది. అదే "టుక్"తో ఆపి కొట్టండి.

పురి విప్పి మీవైపు వీపు తిప్పినప్పుడు దాని తోక విసనకర్రలా కళ్లకు అడ్డం వస్తుంది. తుపాకీ జరుపుకోవడానికి అంతకంటే మంచి అదను ఉండదు. కాల్చడానికి మాత్రం కాదు.

సమస్య: పన్నెండు గజాల్లో ఉంది, అయినా తప్పింది

కొత్తవాళ్లు నమ్మరు గానీ దగ్గరగా ఉన్న పుంజును కూడా చాలామంది పోగొట్టుకుంటారు. పెల్లెట్ల గుంపు విచ్చుకోకుండా గొట్టం మూతిని ఇరుకు చేసేది చోక్. టర్కీ చోక్ గొట్టం చివర బాగా బిగుతుగా ఉంటుంది. 40 గజాల్లో పళ్లెమంత విచ్చుకునే గుంపు పది గజాల్లో బత్తాయికాయంతే ఉంటుంది. అంటే ఆ దూరంలో మీ చేతిలో ఉన్నది దాదాపు రైఫిల్. తల అటూ ఇటూ ఆడుతుంటే బత్తాయికాయతో కొట్టడం కష్టం. మెడ మధ్యకు గురిపెట్టి, తల పూర్తిగా ఆగాకే నొక్కండి. వీలైతే అంత దగ్గరికి రానివ్వకుండా ఇరవై, ముప్పై గజాల మధ్యే పని ముగించండి.

సమస్య: 40 గజాలే అనుకున్నాను

బయలు మీద దూరం మోసం చేస్తుంది. అడ్డం చెట్టూ పుట్టా లేని పచ్చికలో 60 గజాల్లో ఉన్న పుంజు 40లో ఉన్నట్టే అనిపిస్తుంది. ఆ దూరానికి పెల్లెట్ల మధ్య సందులు పెరుగుతాయి, సీసం ఊపు కూడా తగ్గిపోతుంది.

పుంజు కూసేదాకా ఆగి అప్పుడు కొలుచుకుందాం అనుకుంటే కుదరదు. కూర్చోగానే రేంజ్‌ఫైండర్‌తో (దూరం కొలిచే పరికరంతో) నాలుగు దిక్కులా ఒక్కో గుర్తు పెట్టుకోండి. ఆ నాగజెముడు 30, ఆ తెల్లరాయి 40, అలా. పుంజు తెల్లరాయి అవతల ఉన్నంతసేపు వేలు ట్రిగ్గర్ గార్డు బయటే. టంగ్‌స్టన్ షెల్స్ సీసం కంటే బాగా బరువు, సన్న పెల్లెట్లే ఇంకా దూరం పనిచేస్తాయి. నిజమే, వెల కూడా అలాగే ఉంటుంది. అయినా నా గీత 35 గజాలే. ఆ అయిదు గజాలు నా తొందరకు కట్టే వడ్డీ అనుకుంటాను.

సమస్య: అన్నీ సరిగానే చేస్తున్నా గుంపు పక్కకు పోతోంది

ఇప్పుడు తుపాకీని అనుమానించండి, కానీ కాగితం మీద. మూడడుగుల అట్ట మీద తెల్ల కాగితం అతికించి మధ్యలో చుక్క పెట్టండి. తుపాకీని బస్తా మీద ఆనించి 20, 30, 40 గజాల్లో ఒక్కొక్కటి కాల్చండి. వేటకు తీసుకెళ్లే చోక్, అదే షెల్. కంపెనీ మారితే గుంపు కూడా మారిపోతుంది, ఒక్కోసారి గుర్తుపట్టలేనంతగా.

తర్వాత బాగా దట్టంగా ఉన్నచోట పది అంగుళాల గుండ్రం గీసి రంధ్రాలు లెక్కపెట్టండి. టర్కీ వేటగాళ్లలో వాడుకలో ఉన్న కొలత ఆ గుండ్రంలో నూరు. ఎంత దూరం దాకా నూరు వస్తే అదే మీ హద్దు. పెన్సిల్‌తో ఒక్కో రంధ్రం కొట్టేస్తూ లెక్కపెట్టడం విసుగే, మా ఇంట్లో ఆ పని మా అబ్బాయికి అప్పజెప్పాను.

గుండ్రం మధ్య చుక్క మీద కాకుండా నాలుగైదు అంగుళాలు పక్కన పడుతుంటే ఒక్క బీడ్‌తో దాన్ని సరిచేయలేం. సర్దుకునే సైట్లనో, గురి చోట ఎర్ర చుక్క చూపించే రెడ్ డాట్‌నో పెట్టించుకోవాలి. రెడ్ డాట్‌తో ఇంకో లాభం, చెంప కాస్త అటూ ఇటూ అయినా చుక్క ఉన్నచోటికే పోతుంది.

సమస్య: ఒక్కదాన్ని కొడితే రెండు పడ్డాయి

వెనక ఇంకోటి ఉందని చూసుకోలేదు. అది పెట్ట అయితే సమస్య మరీ పెద్దది, వసంతంలో చాలాచోట్ల పుంజులకే అనుమతి. రొమ్ము మీద గుర్రపు వెంట్రుకల్లాంటి కుచ్చు కనపడితే తప్ప తుపాకీ ఎత్తొద్దు. గుంపులోంచి పుంజు పక్కకు జరిగే దాకా ఆగండి.

వెనక పక్షే కాదు, మనిషి కూడా ఉండొచ్చు. పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం. అందుకే ఆ మూడు రంగుల్లో జేబురుమాలు కూడా అడవిలోకి తేకూడదు. కూత వినిపించిన వైపు పాక్కుంటూ వెళ్లకండి, కూసేది ఇంకో వేటగాడు కావచ్చు.

సమస్య: పడింది, దగ్గరికి వెళ్లేలోపు లేచి పోయింది

పడ్డాక కూడా టర్కీ చాలాసేపు రెక్కలు కొట్టుకుంటుంది, చచ్చిందో బతికిందో దూరం నుంచి తెలియదు. కాల్చగానే రెండో షెల్ ఎక్కించుకుని అదే గురితో మరో క్షణం ఆగండి. తల లేచిందా, మళ్లీ మెడకే కొట్టండి. కదలకపోతే సేఫ్టీ వేసి త్వరగా వెళ్లి, మెడ మీద బూటు ఆనించండి. కాళ్లు పట్టుకోవద్దు. కాలి వెనక ముల్లు అంగుళం పైన కూడా ఉండొచ్చు, అరచెయ్యి చీరేస్తుంది.

ఇంటికొచ్చి ఈకలు పీకేటప్పుడు ఒక నిమిషం ఆగి మెడను, రొమ్మును చేత్తో తడిమి చూడండి. పెల్లెట్లు తలలో, మెడలో ఉంటే సరే. రొమ్ములో చేతికి తగిలితే పుంజు పడింది కదా అని వదిలేయకండి, ఈసారి బీడ్ ఎక్కడ పెట్టారో గుర్తు చేసుకోండి. ఎలాగూ కూరలో ఒకటి పంటి కింద పడ్డాక ఇంట్లో వాళ్లు గుర్తు చేస్తారు.