వేరుశనగలో తిక్క ఆకుమచ్చ తెగులు: ఆకు రాలక ముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

రాయలసీమలో ఖరీఫ్ వేరుశనగ 90 రోజుల దశకు వచ్చేసరికి చేను ఆకు రాల్చి, చివరన నాలుగు రెమ్మలు మినహా వట్టి కాడలతో నిలబడటం చాలా గ్రామాల్లో కళ్లకు అలవాటైపోయింది. ఆ చేనును చూసి పంట పండిందని భావించి పెరికించే రైతులు నేటికీ ఉన్నారు. చాలా సందర్భాల్లో ఆ ఆకు పండి రాలినది కాదు, తిక్క ఆకుమచ్చ తెగులు సోకి రాలినది. గింజ ఊరవలసిన చివరి వారాల్లో ఆకు లేకపోతే కాయ నిండదు. తెగులు కాడలకు, ఊడలకు (పూత నుండి నేలలోకి దిగి కాయ కట్టే కాడలకు) కూడా పాకితే ఊడలు బలహీనపడి, పెరికేటప్పుడు కాయలు తెగి నేలలోనే మిగిలిపోతాయి. పశువులకు మేతగా దాచుకునే కట్టెలో, అంటే కాయలు కోసిన ఎండు మొక్కల్లో, ఆకు ఉండదు. తీవ్రత ఎక్కువైన ఏట దిగుబడిలో సగం వరకు నష్టపోవచ్చు. ఇంత నష్టాన్ని ఆపగలిగే సమయం విత్తిన 30వ రోజు నుండి మొదలవుతుంది. ఆకులు రాలడం మొదలయ్యాక కొట్టిన మందు రాలిన ఆకును తిరిగి తీసుకురాలేదు.

ఈ తెగులును రెండు దగ్గరి చుట్టాలైన శిలీంధ్రాలు కలిగిస్తాయి. ముందుగా వచ్చే ఆకుమచ్చ తెగులు పైరు 30 రోజుల వయసులో ఉండగానే కనిపించవచ్చు. ఆకు పైభాగాన గోధుమ రంగులో, అంచు సరిగా లేని గుండ్రని మచ్చలు ఏర్పడి, వాటి చుట్టూ పసుపుపచ్చని వలయం ఉంటుంది. ఆలస్యంగా వచ్చే ఆకుమచ్చ తెగులు సాధారణంగా 40, 45 రోజుల తర్వాత మొదలవుతుంది. ఈ మచ్చలు చిన్నవిగా, చక్కగా గుండ్రంగా, దాదాపు నల్లగా ఉంటాయి. ఆకును తిప్పి చూస్తే అడుగుభాగాన నల్లని గరుకు చుక్కలు వలయాలుగా కనిపిస్తాయి. మన ప్రాంతంలో ఆకు ఎక్కువగా రాల్చేది ఈ రెండవదే. తుప్పు తెగులు కూడా ఇదే కాలంలో రావచ్చు కానీ, దానిని గుర్తుపట్టడం కష్టం కాదు. ఆకు అడుగున నారింజ రంగు పొక్కులు లేచి, వేలితో రుద్దితే పొడి అంటుతుంది, ఆకు ఎండినా రాలకుండా మొక్కనే పట్టుకుని ఉంటుంది.

రైతు తప్పక గుర్తుంచుకోవలసిన విషయం మరొకటి ఉంది. శిలీంధ్రం ఆకులోకి ప్రవేశించిన తర్వాత మచ్చ బయటపడటానికి సుమారు 10 నుండి 14 రోజులు పడుతుంది. అంటే ఈ రోజు కనిపించే మచ్చ రెండు వారాల కిందటి వాన తెచ్చినది, నిన్నటి వాన తెచ్చినది ఇంకా కనిపించడం లేదు. అందువల్ల చేను గట్టు మీద నిలబడి పచ్చగా ఉందని తృప్తిపడకుండా, వారానికి ఒకసారి చేనులోకి దిగి నాలుగైదు చోట్ల మొక్కలను పక్కకు వంచి, నేలకు దగ్గరగా ఉన్న కింది ఆకులను తిప్పి చూడాలి. నేలలోని పాత మోళ్ల నుండి వాన చినుకులతో పాటు ఎగిరే శిలీంధ్ర బీజాలు ముందుగా తాకేది ఆ ఆకులనే.

విత్తుటకు ముందు చేయవలసిన పనులు కొద్దిగానే ఉన్నా, వాటి విలువ ఎక్కువ. కిందటి పంట వ్యర్థాలను లోతు దుక్కితో మట్టిలో కలపాలి, రాలిన కాయల నుండి తమంతట మొలిచిన మొక్కలను పీకివేయాలి, వీలైనచోట జొన్న, సజ్జ, కొర్ర వంటి పంటలతో మార్పిడి చేయాలి. వేరుశనగ తర్వాత వేరుశనగ వేసే చేలలో తెగులు త్వరగా మొదలవుతుంది. టి.ఎం.వి.-2, జె.ఎల్.-24, కదిరి-6 వంటి రకాలు ఈ తెగులును తట్టుకోలేవు కనుక వాటిని వేసినవారు మరింత అప్రమత్తంగా ఉండాలి. కర్ణాటకలోని ధార్వాడ్ నుండి వచ్చిన జి.పి.బి.డి.-4 ఆలస్యంగా వచ్చే ఆకుమచ్చను, తుప్పును తట్టుకునే రకంగా పేరు పొందింది. కిలో విత్తనానికి 3 గ్రాముల మాంకోజెబ్ అనే శిలీంధ్రనాశక మందుతో చేసే విత్తనశుద్ధి మొలక దశలో మొదలు కుళ్లు నుండి కాపాడుతుంది గాని, నెల తర్వాత వచ్చే ఆకుమచ్చను అది ఆపుతుందని ఆశించకూడదు.

ఆకు ఎక్కువ గంటలు తడిగా ఉండి, ఉష్ణోగ్రత 25 నుండి 30 డిగ్రీల మధ్య ఉంటే ఈ శిలీంధ్రాలు సులభంగా విస్తరిస్తాయి. ఖరీఫ్‌లో ముసురును మనం ఆపలేము. రబీలో బోర్ల కింద స్ప్రింక్లర్లతో సాగుచేసే వనపర్తి, నాగర్‌కర్నూల్ వంటి ప్రాంతాల్లో మాత్రం ఆకు ఎంతసేపు తడిగా ఉండాలన్నది కొంతవరకు రైతు చేతిలోనే ఉంది. సాయంత్రం స్ప్రింక్లర్ పెడితే ఆ తడి రాత్రి మంచుతో కలిసి మరునాడు పొద్దెక్కే వరకు ఆరదు. కరెంటు వేళలు అనుకూలిస్తే ఉదయం నీరు పెట్టి, ఎండపూట ఆకు ఆరేలా చూడటం మంచిది.

వాతావరణం మబ్బుగా ఉండి కింది ఆకులపై మచ్చలు కనిపించగానే మందు పిచికారీ మొదలుపెట్టాలి. ఎకరాకు 200 లీటర్ల నీటిలో మాంకోజెబ్ 400 గ్రాములు, కార్బెండజిమ్ 200 గ్రాములు కలిపి గాని, హెక్సాకొనజోల్ 400 మి.లీ. గాని, టెబ్యుకొనజోల్ 200 మి.లీ. గాని పిచికారీ చేసి, తెగులు తీవ్రతను బట్టి 15 రోజుల తర్వాత మళ్లీ చేయాలి. కొనే ముందు డబ్బాపై వేరుశనగ పంట పేరు, మోతాదు, కోతకు ముందు ఆగవలసిన రోజులు చదివి, రైతు సేవా కేంద్రంలో గాని వ్యవసాయ విస్తరణ అధికారిని గాని అడిగి నిర్ధారించుకోవాలి. మందు మంచిదైనా నీరు చాలకపోతే ఫలితం రాదు. 16 లీటర్ల ట్యాంకుతో ఎకరాకు 12 ట్యాంకులకు పైగా పడవలసిన చోట ఐదారు ట్యాంకులతో ముగిస్తే పై ఆకు మాత్రమే తడిసి, తెగులు ఉన్న కింది ఆకు పొడిగా మిగిలిపోతుంది.

ఒకే మందును మళ్లీ మళ్లీ వాడటం మరో ప్రమాదం. అమెరికాలోని మిన్నెసోటా, నార్త్ డకోటా రాష్ట్రాల్లో చక్కెర దుంపకు ఇదే కోవకు చెందిన మరో శిలీంధ్రం ఆకుమచ్చను కలిగిస్తుంది. అక్కడ ఎంతగానో నమ్ముకున్న స్ట్రోబిలురిన్ అనే వర్గపు శిలీంధ్రనాశక మందులకు అది నిరోధకత పెంచుకోవడంతో 2016లో తెగులు తీవ్రంగా వ్యాపించింది. కార్బెండజిమ్ వర్గపు మందులకు వేరుశనగ ఆకుమచ్చ శిలీంధ్రాలు లొంగకపోవడం అమెరికాలో 1970ల నాటికే బయటపడింది. అందుకే కార్బెండజిమ్‌ను ఒంటరిగా కొట్టకుండా మాంకోజెబ్‌తో కలపాలి, రెండవసారికి వేరే వర్గపు మందును ఎంచుకోవాలి. కంపెనీ పేరు మారినంత మాత్రాన మందు మారినట్లు కాదు కనుక డబ్బాపై రసాయనం పేరే చూడాలి.

పిచికారీ చేసేవారు నిండు చేతుల చొక్కా, చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు, కళ్లద్దాలు ధరించి, గాలి వచ్చే వైపుకు వీపు పెట్టి నడవాలి. పని ముగిసి సబ్బుతో స్నానం చేసే వరకు బీడీ, అన్నం, నీళ్లు ముట్టకూడదు. కూలికి వచ్చినవారికి ఈ రక్షణ సామగ్రి సమకూర్చే బాధ్యత చేను యజమానిదే. ట్యాంకు కడిగిన నీటిని కాలువలో, కుంటలో పోయకూడదు.

పంట కోతకు వచ్చిందో లేదో ఆకును చూసి కాక, కాయను ఒలిచి తెలుసుకోవాలి. చేనులో అక్కడక్కడ పెరికిన మొక్కల కాయలలో 75 శాతం వరకు డొల్ల లోపలి గోడ నల్లబడి ఉంటే అది కోత సమయం. అయితే తెగులుతో ఆకు పూర్తిగా రాలి, ఊడలు మెత్తబడుతున్న చేనును ఆ లెక్క కోసం ఆపితే కాయలు నేలలోనే పోతాయి కనుక, ఊడ పట్టు సడలుతున్నట్లు గమనించిన వెంటనే పెరకడం మేలు. పెరికిన కట్టెను వచ్చే ఏడు వేరుశనగ వేయబోయే చేను గట్టున వామి వేయకూడదు. మందు కొట్టిన కట్టెను డబ్బాపై చెప్పిన గడువు తీరే వరకు పశువులకు వేయకూడదు.