ఆన్ కాని గేమింగ్ ల్యాప్‌టాప్: కరెంటు ఎక్కడ ఆగిందో పట్టుకోవడం ఎలా?

రాత్రి దాకా బాగానే ఆడుకున్నారు. పొద్దున బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. అలాంటప్పుడు టెన్షన్‌లో అదే బటన్‌ను పదిసార్లు నొక్కుతాం. దానివల్ల తెలిసేది ఏమీ ఉండదు. కరెంటు గోడ దగ్గర బయల్దేరి తీగ, అడాప్టర్, పిన్, బోర్డు దాటుకుంటూ లోపలికి వస్తుంది. ఆ దారిలో అది ఎక్కడ ఆగిపోయిందో వరసగా చూసుకుంటూ వెళ్లాలి. స్క్రూడ్రైవర్ సంగతి తర్వాత.

కాలిన వాసన వచ్చినా, టచ్‌ప్యాడ్ పైకి ఉబికినా, అడుగు మూత ఉబ్బి ల్యాప్‌టాప్ బల్ల మీద సమంగా కూర్చోకపోయినా కింద చెప్పేవేవీ చేయకండి. అడాప్టర్ తీసేసి పక్కన పెట్టండి. ఉబ్బిన లిథియం బ్యాటరీని గుచ్చినా, వంచినా మంటలు రావచ్చు. అది సర్వీస్ వాళ్లు చూడాల్సిన పని.

1. ఆన్ కాలేదా, స్క్రీన్ మాత్రమే రాలేదా?

ఈ రెండూ వేర్వేరు జబ్బులు. బటన్ నొక్కి, చెవి దగ్గరగా పెట్టి వినండి. ఫ్యాన్ తిరుగుతోందా? కీబోర్డు లైట్లు వెలిగాయా? ఒక నిమిషం ఆగి క్యాప్స్ లాక్ నొక్కండి. నొక్కినప్పుడల్లా దాని లైటు వెలిగి ఆరుతుంటే సిస్టమ్ లోపల నడుస్తూనే ఉంది, మీకు కనిపించట్లేదంతే. అప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి కీలు నాలుగూ కలిపి నొక్కండి. స్క్రీన్ మీద బొమ్మ చూపించే సాఫ్ట్‌వేర్, అంటే గ్రాఫిక్స్ డ్రైవర్, మళ్లీ మొదలవుతుంది. అయినా రాకపోతే హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలపండి. టీవీలో బొమ్మ వస్తే లోపం స్క్రీన్‌లోనో, దానికి వెళ్లే కేబుల్‌లోనో ఉన్నట్టు. చీకట్లో స్క్రీన్ మీదికి టార్చ్ లైటు ఏటవాలుగా వేసి చూడండి. బొమ్మ లీలగా కనిపిస్తే బ్యాక్‌లైట్, అంటే స్క్రీన్ వెనక వెలిగే లైటు, పోయింది.

ఇంకో సంగతి. ఈమధ్యే ర్యామ్ మార్చారా? డీడీఆర్5 ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ కొత్త ర్యామ్‌తో మొదటిసారి ఆన్ అయినప్పుడు దాన్ని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది. అంతసేపూ స్క్రీన్ నల్లగానే ఉంటుంది. పది నిమిషాలు ఓపిక పట్టండి. మధ్యలో బటన్ నొక్కి ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

2. గోడ నుంచి అడాప్టర్ దాకా

ఎక్స్‌టెన్షన్ బాక్స్ తీసేసి నేరుగా గోడ ప్లగ్‌లో పెట్టండి. అదే ప్లగ్‌లో వేరే ఏదైనా పెట్టి, కరెంటు వస్తోందో లేదో చూడండి. గేమింగ్ అడాప్టర్లు బరువైనవి కాబట్టి బల్ల కిందికి వేలాడుతూ, గోడ నుంచి వచ్చే తీగను మెల్లగా బయటికి లాగేస్తుంటాయి. నేను ఒకసారి అడుగు మూత సగం విప్పాక చూసుకున్నాను, అడాప్టర్‌లోకి వెళ్లే తీగ సగం ఊడి ఉంది. అప్పటి నుంచి ఆ తీగను ముందు గట్టిగా లోపలికి నొక్కాకే మిగతా సంగతి.

3. అడాప్టర్ లైటు చెప్పే మాట

మీ అడాప్టర్‌కు చిన్న లైటు ఉంటే అంతకన్నా మంచి పరీక్ష ఇంకోటి లేదు. ముందు పిన్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టకుండా గోడకు మాత్రమే పెట్టండి.

లైటు వెలగలేదనుకోండి. గోడ నుంచి తీసి పది నిమిషాలు వదిలేయండి. లోపలి రక్షణ సర్క్యూట్ ఒకసారి పడిపోతే, కరెంటు పూర్తిగా పోయేదాకా తిరిగి లేవని అడాప్టర్లు ఉన్నాయి. మళ్లీ పెట్టినా వెలగకపోతే తీగైనా పోయి ఉండాలి, అడాప్టరైనా పోయి ఉండాలి.

లైటు వెలిగి, పిన్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టగానే ఆరిపోతోందా? పిన్ తీస్తే మళ్లీ వెలుగుతోందా? అయితే దాదాపు ఖాయంగా లోపల షార్ట్ ఉంది. ల్యాప్‌టాప్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగడంతో అడాప్టర్ తనను తాను కాపాడుకుంటోంది. కరెంటు బోర్డులోకి వచ్చేచోట ఉండే మోస్‌ఫెట్ (కరెంటును వదిలే, ఆపే చిన్న స్విచ్ లాంటి భాగం) గానీ, కెపాసిటర్ (కరెంటును కాసేపు నిల్వ చేసే భాగం) గానీ కాలితే ఇలా అవుతుంది. పదేపదే పెట్టి తీసి చూడకండి. ఇక్కడితో మీ పని అయిపోయింది, చిప్ లెవెల్ సర్వీస్, అంటే బోర్డు మీది చిన్న భాగాలను విడిగా మార్చే పని, తెలిసినవాళ్లకు ఇవ్వాలి.

వెలిగిన లైటు వెలిగినట్టే ఉంటే పిన్‌ను కొద్దిగా అటూ ఇటూ కదపండి. ఛార్జింగ్ లైటు మినుకుమినుకుమంటే సాకెట్ వదులైంది. ఆ సాకెట్‌లోకి టార్చ్ వేసి నల్లబడిందేమో, మధ్యలో ఉండే సన్నటి సూది వంగిందేమో చూడండి. కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లు అడాప్టర్ ఎన్ని వాట్లదో ఆ సూది ద్వారానే తెలుసుకుంటాయి.

వేరే అడాప్టర్ పెట్టి చూద్దామనుకుంటే జాగ్రత్త. వోల్టేజీ, పిన్ రెండూ సరిపోవాలి. గేమింగ్ ల్యాప్‌టాప్‌లకు 180, 230, 240, 280, 330 వాట్ల అడాప్టర్లు వస్తాయి, వోల్టేజీ ఎక్కువగా 19.5 లేదా 20. మామూలు 65 వాట్ల టైప్-సీ ఛార్జర్ పెట్టి ‘ఇదీ పనిచేయలేదు’ అని తేల్చేయకండి. చాలా మోడళ్లలో టైప్-సీ పోర్టు అసలు ఛార్జింగే తీసుకోదు.

4. మొండికేసిన కంట్రోలర్‌ను రీసెట్ చేయడం

ఖర్చు లేకుండా చాలాసార్లు ఫలితమిచ్చే పని ఇదే. ల్యాప్‌టాప్ ఆఫ్‌లో ఉన్నా బోర్డు మీద ఒక చిన్న కంట్రోలర్ మేలుకునే ఉంటుంది. పవర్ బటన్ నొక్కితే ముందు కబురు వెళ్లేది దానికే. ఆన్ చేయాలా వద్దా అన్నది అది తేలుస్తుంది. స్లీప్‌లోకి వెళ్తూనో, కరెంటు పోయి వచ్చినప్పుడో అది బిగుసుకుపోతే అన్నీ బాగున్నా యంత్రం లేవదు.

అడాప్టర్, మౌస్, హెడ్‌సెట్, పెన్‌డ్రైవ్ అన్నీ తీసేయండి. పవర్ బటన్‌ను 60 సెకన్లు, గడియారం చూస్తూ, నొక్కి పట్టుకోండి. వదిలేశాక అడాప్టర్ ఒక్కటే పెట్టి, అరగంట ఛార్జింగ్‌లో ఉంచి మామూలుగా ఆన్ చేయండి. బ్యాటరీ పూర్తిగా అడుగంటితే కొన్ని వెంటనే లేవవు, అందుకే ఆ అరగంట. కొన్ని మోడళ్లకు అడుగున బ్యాటరీ గుర్తు పక్కన సూది పట్టేంత రంధ్రం ఉంటుంది. అడాప్టర్ తీసేసి, పేపర్ క్లిప్ కొసతో అందులోని బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కితే అదే పని అవుతుంది. మైక్ రంధ్రంలో గుచ్చకండి, చాలామంది చేసే పొరపాటది.

లైట్లు ఒక లెక్క ప్రకారం మెరుస్తుంటే ఫోన్‌లో వీడియో తీసుకోండి. ఎన్నిసార్లు మెరిస్తే ఏ భాగంలో లోపమో మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. బయోస్ (విండోస్ కన్నా ముందు ల్యాప్‌టాప్‌ను లేపే బోర్డు మీది ప్రోగ్రామ్) అప్‌డేట్ మధ్యలో ఆగిపోయి ఉంటే, హెచ్‌పీ వాటిలో చాలావరకు విండోస్, బి కీలు పట్టుకుని పవర్ నొక్కితే రికవరీ మొదలవుతుంది. డెల్‌లో కంట్రోల్, ఎస్కేప్ పట్టుకుని అడాప్టర్ పెట్టాలి.

5. మూత విప్పాల్సి వస్తే

వారంటీ ఉంటే విప్పకండి. లేకపోతే అడాప్టర్ తీసేసి, స్క్రూలను తీసిన వరసలోనే కాగితం మీద పెట్టుకోండి. పొడవుల్లో తేడా ఉంటుంది, పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే బోర్డుకే చిల్లు పడొచ్చు. మూత తీయగానే బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. తర్వాతే వేరేదేదైనా ముట్టుకోవాలి. పవర్ బటన్‌ను ఇంకో 30 సెకన్లు నొక్కండి.

ర్యామ్ రెండు ముక్కలుంటే ఒక్కటే ఉంచి చూడండి, తర్వాత రెండోది. స్లాట్ కూడా మార్చి చూడండి. ప్రతిసారీ బ్యాటరీ, అడాప్టర్ రెండూ తీశాకే చేయి పెట్టాలి. ఫైళ్లన్నీ దాచే ఎస్ఎస్‌డీని తీసేసి కూడా ఒకసారి ప్రయత్నించండి. స్క్రీన్ మీద కంపెనీ లోగో వచ్చినా చాలు, బోర్డు బాగున్నట్టే.

ఫ్యాన్లు, రాగి గొట్టాలున్న హీట్‌సింక్ జోలికి మాత్రం వెళ్లకండి. కొన్ని గేమింగ్ మోడళ్లలో ప్రాసెసర్ మీద పేస్టుకు బదులు లిక్విడ్ మెటల్ ఉంటుంది. అది కరెంటును మోసుకెళ్తుంది. ఒక్క బొట్టు బోర్డు మీద పడినా ఉన్న జబ్బు చాలదన్నట్టు ఇంకోటి తెచ్చుకున్నట్టే.

6. సర్వీస్‌కు ఇచ్చేముందు

‘ఆన్ కావట్లేదు’ అని మాత్రమే చెబితే వాళ్లు మొదటి నుంచి మొదలుపెడతారు. అడాప్టర్ లైటు ఏం చేసింది, ఎన్ని ర్యామ్‌లతో చూశారు, లైట్లు ఎన్నిసార్లు మెరిశాయి, ఆగిపోయే ముందు ఏం జరిగింది, ఇవన్నీ చెప్పండి. మదర్‌బోర్డు మొత్తం మార్చాలని వాళ్లు అంటే, పాడైన భాగం ఒక్కటే మార్చడం కుదురుతుందేమో అడగండి.

ఎస్ఎస్‌డీ విడిగా ఊడొచ్చే రకమైతే దాన్ని మీ దగ్గరే ఉంచుకోండి. యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో (ఎస్ఎస్‌డీని పెన్‌డ్రైవ్‌లా వాడుకోనిచ్చే చిన్న డబ్బా) పెట్టి వేరే కంప్యూటర్‌కు కలిపితే ఫైళ్లు కనిపిస్తాయి. ఫైళ్లకు తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. విండోస్‌లోకి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యేవాళ్లకు అది సాధారణంగా ఆ అకౌంట్‌లోనే భద్రంగా ఉంటుంది, ఫోన్‌లో లాగిన్ అయి చూసుకోవచ్చు.