టండ్రా ఊపిరి లెక్క – 4వ పాఠం: మైనస్ గుర్తు

టండ్రా మొక్కల కిరణజన్య సంయోగక్రియ మొత్తం ఎంతో పెట్టె కొలతల నుంచి కనుక్కోమన్న గత పాఠంలోని లెక్కకు చాలామంది 1.72 అని జవాబు రాశారు. సరైనది 5.16. అందుకే ఈసారి మొదలుపెట్టాలనుకున్న మీథేన్‌ను వెనక్కి నెట్టి, ముందు ఈ తప్పు సంగతి తేలుస్తాను.

అలాస్కా ఉత్తరాన, టూలిక్ సరస్సు దగ్గరి టండ్రాలో, అడుగు వైశాల్యం 0.25 చదరపు మీటర్లు, ఘనపరిమాణం 0.1 ఘనపు మీటర్లు గల పారదర్శక పెట్టెను తుంగజాతి దుబ్బు మీద బోర్లించామనుకున్నాం. 10 డిగ్రీల సెల్సియస్ వద్ద అందులో 4.3 మోల్‌ల గాలి పడుతుంది. ఎండలో కార్బన్ డయాక్సైడ్ సెకనుకు 0.2 పీపీఎం (పది లక్షల గాలి అణువుల్లో ఎన్ని అన్న లెక్క) చొప్పున తగ్గింది. నల్లగుడ్డ కప్పాక, కిరణజన్య సంయోగక్రియ ఆగి శ్వాస ఒక్కటే మిగలడంతో, 0.1 చొప్పున పెరిగింది. నడివేసవిలో అక్కడ సూర్యుడు అస్తమించడు కనుక చీకటిని మనమే కప్పాలి. మోల్‌లతో గుణించి వైశాల్యంతో భాగిస్తే చదరపు మీటరుకు, సెకనుకు 3.44, 1.72 మైక్రోమోల్‌లు వస్తాయి. ఇంతవరకు అందరూ సరిగ్గానే చేశారు.

చిక్కంతా ఆ తర్వాతే. మనం గాలి వైపు నుంచి లెక్కిస్తున్నాం కాబట్టి గాలిలోంచి పోయినది మైనస్, గాలిలో చేరినది ప్లస్. ఎండలో కనిపించిన −3.44 కిరణజన్య సంయోగక్రియ మొత్తం కాదు, శ్వాస పోగా మిగిలిన నికర మార్పిడి మాత్రమే. ఎండ కాసినంత మాత్రాన మొక్కా నేలా ఊపిరి బిగబట్టవు. సాయంత్రం గల్లాపెట్టెలో 344 రూపాయలు మిగిలి, పగటి ఖర్చు 172 అయితే, ఆ రోజు రాబడి 516 అని చిల్లరకొట్టు యజమాని వెంటనే చెబుతాడు. ఇక్కడా అంతే: 1.72 − (−3.44) = 5.16. మైనస్‌ను వదిలేసినవారు ఖర్చును రెండోసారి తీసేశారు. కొందరు పరిశోధకులు మొక్క వైపు నుంచి చూసి, లోపలికి వెళ్లినదాన్ని ప్లస్‌గా రాస్తారు. అది తప్పు కాదు గాని, ఒకే పట్టికలో రెండు పద్ధతులను కలిపితే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక మీథేన్. నీరు నిలిచి ఆక్సిజన్ అందని మట్టిలో పుట్టిన ఈ వాయువు, తుంగ కాడల్లోని గాలి గొట్టాల గుండా నేరుగా పైకి వస్తుంది. పైపొరలో దాన్ని తినే సూక్ష్మజీవులకు చిక్కదు. కాబట్టి పెట్టె దింపేటప్పుడు కాడలు తెగకూడదు. పక్కన చెక్క పలక వేసుకుని దాని మీద నిలబడాలి. తడి నేలను తొక్కితే బుడగలు ఎగదన్ని, గ్రాఫ్‌లో ఒక్కసారిగా మెట్టు పడుతుంది. అలాంటి కొలతను నేను సరిదిద్దను, కొట్టేస్తాను.

అభ్యాసం (అంకెలు ఊహించినవి): వేసవి 100 రోజులు రోజుకు చదరపు మీటరుకు 0.5 గ్రాముల కార్బన్ కార్బన్ డయాక్సైడ్ రూపంలో నేలకు చేరింది. మిగిలిన 265 రోజులు, మంచు కింద కూడా సూక్ష్మజీవులు పని మానవు కనుక, రోజుకు 0.2 గ్రాముల కార్బన్ అదే రూపంలో బయటికి వచ్చింది. ఏడాదికి చదరపు మీటరుకు 2 గ్రాముల మీథేన్ వెలువడింది. వందేళ్ల గుణకం (వందేళ్లలో ఒక గ్రాము మీథేన్ ఎన్ని గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా వేడి పెంచుతుందో చెప్పే అంకె) 27గా తీసుకుని మొత్తాన్ని కార్బన్ డయాక్సైడ్ గ్రాముల్లో చెప్పండి. ఏ అంకె కార్బన్‌దో, ఏది పూర్తి వాయువుదో ముందు చూసుకోండి. 44/12 (కార్బన్ డయాక్సైడ్ బరువుకు, అందులోని కార్బన్ బరువుకు ఉన్న నిష్పత్తి) ఎక్కడ వాడాలో అప్పుడు తెలుస్తుంది. గుర్తు లేని జవాబును దిద్దను.